ఏడో తెప్ప మీద బలగ వారి కాపురం

రోజు 203

ఉదయం ఆరింటికి నీళ్ళ యంత్రం మొదలుపెట్టాను. రెండో వడపోత పొర నిండా నాచు పట్టింది. విప్పి, కడిగి, మళ్ళీ బిగించేసరికి తొమ్మిదయింది. ఈ రోజు సముద్రం నుంచి తీసిన మంచినీళ్ళు నాలుగు వేల రెండు వందల లీటర్లు. సముద్రం మీద తేలే ఈ కొత్త ఊళ్ళో, ఏడో తెప్ప మీద, పని మొదలైనప్పటి నుంచి ఉన్నది అరవై మంది పనివాళ్ళమే కాబట్టి సరిపోయాయి.

ఇది నీళ్ళ పుస్తకం. లీటర్లు, ఉప్పు శాతం, మరమ్మతులు తప్ప వేరేవి ఇందులో రాయకూడదని నాకెవరూ చెప్పలేదు. అందుకని మా ఇంటి విశేషం కూడా రాస్తున్నాను. బలగ అచ్చియ్యమ్మకు ఈ రోజుతో ఎనభై నాలుగేళ్ళు నిండాయి.

అచ్చియ్యమ్మ ‘ముంగిలి’ ఆటలో మనిషి. నా పేరు సూరాడ నూకరత్నం, నాకు యాభై ఆరు. పంతొమ్మిదో ఏట మా మేనత్త పాత ట్యాబులో ఈ ఆట మొదలుపెట్టాను. ముంగిలిలో మనుషుల్ని మనమే పుట్టిస్తాం. ముక్కు, రంగు, కోపం, ఇష్టాలు అన్నీ మనమే ఇస్తాం. ఇల్లు గీసి అందులో పెడతాం. ఇక అక్కణ్ణుంచి వాళ్ళ బతుకు వాళ్ళది. పని చెప్పవచ్చు, వాళ్ళు వినకపోవచ్చు. మనసు బాగుంటే తల మీద పచ్చ గీత కనిపిస్తుంది, పాడైతే ఎర్ర గీత.

నాకు ఇష్టమైన కుటుంబాలు మూడు. పొట్నూరు అన్నదమ్ములు పెళ్ళి చేసుకోలేదు, పడవలు చేస్తారు, వంట ఎవరి వంతని రోజూ పోట్లాడుకుంటారు. దర్జీ సుభద్రమ్మ తనకెవరూ లేకపోయినా నలుగురు పిల్లల్ని తెచ్చి పెంచింది. ఈ రెండూ ఒక ఎత్తు, బలగ వారు ఒక ఎత్తు. ముప్పై ఏడేళ్ళలో ఏడు తరాలు, నూట పన్నెండు మంది. జరిగినదాన్ని ఒక్కసారి కూడా నేను వెనక్కి తిప్పలేదు. ఎవరైనా పోతే పోయినట్టే, పుడితే పుట్టినట్టే. అలా నిలబడిన కుటుంబం ఈ తెప్ప మీద ఇంకెవరి దగ్గరా లేదు.

గదిలో నా కింది బెర్తు ఎర్నమ్మది. వెల్డింగు పని చేస్తుంది. నేను అచ్చియ్యమ్మకు పండుగ చేస్తుంటే తల పైకెత్తి చూసింది.

“ఆ ముసల్దానికి పుట్నరోజేటే. నీకు పన్నేదా?”

“ఎనబై నాలుగేళ్ళు బతికింది. ఒక్కనాడు కోడల్ని పల్లెత్తు మాట అన్నేదు. నువ్వుండగలవా అలగ?”

ఎర్నమ్మ కాసేపు ఆలోచించి, ఉండలేనని ఒప్పుకుంది.

రోజు 206

లీటర్లు 4,150. ఉప్పు సరిగా ఉంది.

మధ్యాహ్నం భోజనశాల గోడ మీద ఇళ్ళ పటం వేశారు. మూడు వందలవ రోజుకు కొండ శిబిరాల నుంచి అరవై నాలుగు కుటుంబాలు ఇక్కడికి వస్తాయి. ఇరవై రెండేళ్ళ కిందట సముద్రం మా ఊళ్ళను తీసుకుపోయినప్పుడు కొండెక్కిన వాళ్ళే వీళ్ళంతా. ఏడో తెప్ప మా బంధరువానిపేట మీదే తేలుతోంది. నేను చదివిన బడి నేను నిలబడిన చోటికి మూడు బారల కింద ఉంది. మా వాళ్ళు తమ ఊరి మీదికే తిరిగి వస్తున్నారు. వాళ్ళు తాగే నీళ్ళు నేను తీస్తాను. ఈ మాట రాస్తుంటేనే ఛాతీ ఉబ్బుతోంది.

ఇంజినీరు ఇందుశేఖర్ గారు పటం వివరించారు. ముప్పై నాలుగేళ్ళ మనిషి, మర్యాదస్తుడు, విజయవాడ వైపు వారు. ఇళ్ళన్నీ తెప్ప అంచు వెంబడి చుట్టూ ఉంటాయి. తలుపులు సముద్రం వైపు, వాటి ముందు మీటరు వెడల్పు బాట, కమ్మీలు. ముందు గదికి పెద్ద కిటికీ. వెనక చిన్న గది పెద్దవాళ్ళకు. ఆ గది దాటితే కుళాయి, స్నానాల గది. నీళ్ళ తొట్లు తెప్ప నడిమధ్యన ఉంటాయి కాబట్టి గొట్టాలు వెనక నుంచే వస్తాయి.

“ప్రతి ఇంటికీ సముద్రం కనిపిస్తుంది” అన్నారాయన సంతోషంగా.

నా పక్కన ఎర్నమ్మ గొణిగింది. “మాం సముద్రాన్ని సూసింది సాల్లేదేటి.”

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను చూస్తున్నది ఆ వెనక గదిని. కుళాయికి వెళ్ళే ప్రతి మనిషీ ముసలివాళ్ళ పక్క మీదుగా వెళ్ళాలి. ఆ ముసలివాళ్ళకు ఎదురుగా కనిపించేది గోడ. ముప్పై ఏడేళ్ళలో ముంగిలిలో మూడు వందలకు పైగా ఇళ్ళు గీశాను. ఇలాంటి ఇల్లు ఒకసారి గీసి చేతులు కాల్చుకున్నాను, మూడో తరంలో.

రెండు వందల నలభయ్యో రోజున గోడలు అతకడం మొదలవుతుంది. అతికాక కదపలేరు.

రోజు 209

లీటర్లు 4,300.

నమూనా ఇల్లు ఒకటి నిలబెట్టారు. ఇంజినీరు గారు అక్కడే ఉంటే వెళ్ళి, తలుపులు లోపలికి తిప్పి ముసలివాళ్ళ పక్కను ముందు గదిలోకి తేవాలని చెప్పాను. ఆయన విసుక్కోకుండా విన్నారు.

“అన్ని లెక్కలూ కంప్యూటర్ చూసిందమ్మా. గాలి, వెలుతురు, నీరు, ఒక మనిషి రోజుకు వేసే అడుగులతో సహా.”

“అడుగులు లెక్కెట్టింది బాబూ. ఆ అడుగులు ఎవురి పక్క మీంచి ఎల్తన్నాయో సూసిందా?”

ఆయన వెనక గదిలోకి తొంగి చూసి వచ్చారు. అలాగని నా మాట ఒప్పుకోనూ లేదు. ముంగిలిలో చూపిస్తానన్నాను. నవ్వుతారనుకున్నాను గాని ఆయన ముఖం వెలిగింది. చిన్నప్పుడు శిబిరంలో ఆడేవారట. ఆయన పుట్టించిన వాళ్ళు వారానికోసారి వంటింటికి నిప్పంటించుకునేవారట.

“చూపించండి. నేను చూస్తాను. కాని తెప్ప మండలి మాటలతో వినదు. రెండు వందల నలభయ్యో రోజు దాటితే నేనూ ఏం చేయలేను.”

సాయంత్రానికల్లా ఆ పటాన్ని అంగుళం తేడా లేకుండా ముంగిలిలో గీశాను. కొత్తగా ఐదుగురిని పుట్టించి అందులో పెట్టాను. అత్త, మామ, కొడుకు, కోడలు, పాప.

రోజు 212

లీటర్లు 4,280. మూడో పంపు వాషరు మార్చాను.

ముంగిలిని వేగంగా నడిపిస్తే మనకు ఒక రోజుకు వాళ్ళకు ఒక నెల గడుస్తుంది. మూడు నెలలయ్యాయి. కొత్త కుటుంబం హాయిగా ఉంది. ఐదుగురి తలల మీదా పచ్చ గీతలే. ఇంజినీరు గారు చూసి, “బాగానే ఉన్నారు కదమ్మా” అన్నారు.

“మొన్న పుట్టినోలు బాబూ. ఆలకి పాత మాటలేటి తెలుసు, పాత కోపాలేటి తెలుసు? కొత్తోలు ఎక్కడెట్టినా బతికీసుకుంటారు. రేపొచ్చీవోలు అలగ కాదు కదా. ఇరవై రెండేళ్ళు శిబిరంలో ఒకే గదిలో ఉన్నోలు.”

“అయితే పాత కుటుంబాన్ని పెట్టి చూడాలి.”

“ఊఁ.”

“మీ వాళ్ళకు నకలు తీసి పెట్టవచ్చేమో.”

నకలు తీస్తే ముఖాలు వస్తాయి, జ్ఞాపకాలు రావు. ఆ సంగతి ఆయనకు తెలియదు, నాకు తెలుసు. జ్ఞాపకాలు కావాలంటే ఉన్నవాళ్ళనే తరలించాలి. పొట్నూరు అన్నదమ్ముల ఇంట్లో ముసలివాళ్ళు లేరు. సుభద్రమ్మ పిల్లలు ఇంకా చిన్నవాళ్ళు. మిగిలింది బలగ వారు.

ఆలోచించి చెబుతానన్నాను.

రోజు 214

లీటర్లు 4,190.

రెండు రోజులు వాళ్ళ ఇంటినే చూస్తూ కూర్చున్నాను. ఆ ఇల్లు నేను నాలుగో తరంలో కట్టాను, ప్రతి తరంలో ఒక గది పెంచాను. వీధి తలుపు పక్కన అచ్చియ్యమ్మ కూర్చునే చోటు ఉంది. నీళ్ళకు వెళ్ళేవాళ్ళు, పనికి వెళ్ళేవాళ్ళు అక్కడ ఆగి ఒక మాట మాట్లాడి వెళతారు. ఆమె కొడుకు గున్నయ్య మొండివాడు. కోడలు పోలమ్మ మాట పెళుసు, చెయ్యి చురుకు. మనవరాలు చిట్టెమ్మకు ఎనిమిదేళ్ళు, అందరినీ ప్రశ్నలతో చంపుతుంది. ఇంత ఎడ్డెం తెడ్డెం మనుషులు ముప్పై ఏళ్ళుగా కలిసున్నారంటే సగం ఘనత ఆ ఇంటిది. మిగతా సగం అచ్చియ్యమ్మది.

బలగ వారిని తరలించనా అని ఎర్నమ్మను అడిగాను.

“ఆట మనుసులే కదే” అంది. తరువాత నా ముఖం చూసి మాట మార్చి, తన అక్క సంగతి ఎత్తింది. “మా పెద్దప్ప కొండమీద శిబిరంలో ఉంది. డెబ్బయ్యారేళ్ళు. రేపు ఆ ఎనక గదిలోకి ఎల్లీది అదే. నీ ఇట్టం.”

ఎర్నమ్మ పనికి వెళ్ళిపోయింది. భోజనం అయ్యాక బలగ వారి సామాను సర్దాను. అచ్చియ్యమ్మ చాప, గున్నయ్య వల, పోలమ్మ ఇత్తడి బిందె, చిట్టెమ్మ బొమ్మ. అదే పటం ప్రకారం కొత్త కుటుంబం పక్కనే గీసిన ఇంట్లో దింపాను. గడప దాటుతూ అచ్చియ్యమ్మ నలుదిక్కులా చూసి, వెనక గదిలోకి వెళ్ళి చాప పరుచుకుంది. ఆమె ఎప్పుడూ అంతే, ఎక్కడ చోటు చూపితే అక్కడ సర్దుకుంటుంది.

రోజు 217

లీటర్లు 4,220.

వాళ్ళకు మూడో నెల. ఆట ఒక లెక్క చూపిస్తుంది, ఎవరు ఎవరి పక్క నుంచి ఎన్నిసార్లు వెళ్ళారని. పోలమ్మ రోజుకు నలభయ్యొక్క సార్లు అత్త చాప దాటుతోంది. బిందెతో, పిల్లతో, బట్టలతో. అచ్చియ్యమ్మ ప్రతిసారీ కాళ్ళు ముడుచుకుంటోంది. ఆమె గీత ఇంకా పచ్చగానే ఉంది, అంచులు మాత్రం పసుపు తిరిగాయి.

బయట బాట మీద గాలికి ఎవరూ నిలబడటం లేదు. పొరుగు ఇంట్లో పెట్టిన కొత్త కుటుంబంతో ఈ మూడు నెలల్లో వీళ్ళు మాట్లాడింది రెండు సార్లు.

రోజు 220

లీటర్లు 4,050. తుఫాను అల, ఒక పూట యంత్రం ఆపాను.

ఆరో నెల. అచ్చియ్యమ్మ పగలు నిద్రపోతోంది. ఈ రోజు పోలమ్మ బిందె ఆమె కాలికి తగిలింది. అచ్చియ్యమ్మ కోడలి మీద అరిచింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. పోలమ్మ బిందె అక్కడే వదిలేసి ముందు గదిలోకి వెళ్ళి కిటికీకి ఎదురుగా కూర్చుంది. సముద్రం ఎంత అందంగా కనిపించినా ఆమె గీత ఎర్రగానే ఉంది.

ఇంజినీరు గారు రోజూ వచ్చి చూస్తున్నారు. ఈ రోజు తన చేతిలోని పటం మీద ఆ వెనక గది చుట్టూ పెన్సిలుతో గీత గీసుకున్నారు.

రోజు 221

లీటర్లు 4,210.

పోలమ్మ చిట్టెమ్మను తీసుకుని అన్న ఇంటికి వెళ్ళిపోయింది. గున్నయ్యను పిలిపించి వెళ్ళి తీసుకురమ్మన్నాను. వినలేదు. మొండివాడని చెప్పాను కదా.

రోజు 223

లీటర్లు 4,240.

బలగ అచ్చియ్యమ్మ పోయింది.

తొమ్మిదో నెల. మధ్యాహ్నం అన్నానికి గున్నయ్య పిలిస్తే లేవలేదు. వయసు మీరి పోయిందని ఆట రాసింది. ఆ వయసు నాకు తెలుసు. కాని ఆమె తల్లి తొంభై ఆరు దాకా బతికింది. అమ్మమ్మ తొంభై మూడు. వాళ్ళంతా వీధి తలుపు పక్కన కూర్చున్నవాళ్ళు.

నేనే తీసుకొచ్చి గోడకు ఎదురుగా కూర్చోబెట్టాను.

రోజు 224

లీటర్లు 4,200. ఈ అంకె ఎర్నమ్మ రాసింది, నేను చెబుతుంటే.

పొద్దున్న కడిగిన పొరనే మళ్ళీ మళ్ళీ కడుగుతూ కూర్చున్నాను. ఎర్నమ్మ వెల్డింగు పని వదిలేసి వచ్చి బ్రష్షు లాక్కుంది. పని అయ్యాక టీ తెచ్చి నా పక్కన పంపు మీద కూర్చుంది.

“ఎనక్కి తిప్పీలేవా?”

“తిప్పొచ్చు. ఒక్కరోజు తిప్పొచ్చు.”

“తిప్పీ మరి. ఎవురు సూడొచ్చారు?”

“తిప్పితే ఆవిడి అబద్దం సెప్పినట్టవుద్ది. ఆ గదిలో ఏటవుద్దో సూపిద్దామని ఎట్టినాను. ఆవిడి సూపించింది. ఇప్పుడు నాను తుడిసీలేను.”

ఎర్నమ్మ తల ఊపింది. టీ గ్లాసు కింద పెట్టి, “గట్టి మనిసే” అంది. ఎవరి గురించి అన్నదో నేను అడగలేదు.

భోజనశాలకు వెళితే ఎవరో అందరికీ చెప్పేశారు. తెప్ప మీద సగం మందికి ముంగిలిలో కుటుంబాలున్నాయి. తెప్ప నుంచి తెప్పకు మారుతూ పదేళ్ళుగా బెర్తుల మీద ఒంటరిగా బతుకుతున్న వాళ్ళం, అన్నాల దగ్గర మా వాడికి ఉద్యోగం వచ్చింది, మా చిన్నదానికి పళ్ళొచ్చాయి అని చెప్పుకుంటూనే ఉంటాం. ఈ రోజు ఒక్కొక్కరే వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నారు. క్రేను నడిపే కామేశం, అరవై ఏళ్ళవాడు, తన వాళ్ళలో పెద్దమ్మాయికి పుట్టబోయే బిడ్డకు అచ్చియ్యమ్మ పేరు పెడతానన్నాడు. ఎవరూ ఎగతాళి చేయలేదు. నా వాళ్ళ గురించి ఇంతమందికి ఇంత తెలుసని నాకు ఈ రోజే తెలిసింది.

రోజు 226

లీటర్లు 4,260.

మండలి పెద్ద జగ్గారావు గారు పిలిపించారు. డెబ్బై ఒక్కేళ్ళు, పూర్వం బడి పంతులు. ఇంజినీరు గారు ముందే వెళ్ళి చెప్పారట.

“ఆటలో ముసలమ్మ పోయిందని అరవై నాలుగు ఇళ్ళు తిప్పమంటున్నావట.”

“అవునండి.”

“రత్నం, నీ పని మీద నాకు గౌరవం ఉంది. పదేళ్ళలో ఒక్కరోజు నీళ్ళు ఆగనివ్వలేదు. కాని మండలిలో నేనేమని చెప్పాలి? ఆటలో చూశామని చెప్పాలా?”

“ఏటీ సెప్పొద్దండి. సభ భోజనశాల్లో కాకుండా ఆ నమూనా ఇంట్లో ఎట్టండి. అంతే.”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. సరేనన్నారు.

రోజు 228

లీటర్లు 4,230.

సభ పదకొండింటికి. మండలి సభ్యులు ఐదుగురు, ఇంజినీరు గారు, నేను, ఎర్నమ్మ. సభ్యులు నలుగురు ముందు గదిలో కిటికీ దగ్గర కూర్చున్నారు. జగ్గారావు గారిని వెనక గదిలో చాప మీద కూర్చోమన్నాను.

“నేనెందుకు ఇక్కడ?”

“అందర్లోకీ పెద్దోరు కదండి. ఇది పెద్దోల గది.”

సభ మొదలైంది. వెల్డింగు కడ్డీల సంగతి, పడవల రాకపోకల సంగతి. ఎర్నమ్మ బిందె పట్టుకుని బయటి నుంచి వచ్చింది.

“కాత్త కాలు ముడుసుకోండి బావు.”

కుళాయి దగ్గర నింపింది, మళ్ళీ దాటి వెళ్ళింది. రెండు నిమిషాలకు మళ్ళీ వచ్చింది. ముందు గదిలో ఏదో మాటకు నవ్వారు. వెనక నుంచి జగ్గారావు గారు, “ఏమన్నారు?” అని అడిగారు. ఎవరికీ వినిపించలేదు. ఆయన లేచి రాబోతుంటే ఎర్నమ్మ బిందెతో ఎదురైంది. మళ్ళీ కూర్చున్నారు. బిందె తొణికి చాప తడిసింది.

ఏడోసారికి ఆయన అడిగారు. “ఇంకా ఎన్నిసార్లమ్మా?”

“ముప్పై నాలుగు సార్లుంది బావు.”

నేను పక్కన నిలబడి ఉన్నాను, నాకే జాలేసింది. కాని ఆపలేదు. పదకొండోసారి అయ్యాక ఆయన గోడ పట్టుకుని మెల్లగా లేచి ముందు గదిలోకి వచ్చారు. సభ్యులు జరిగి ఆయనకు చోటిచ్చారు.

“ఇందుశేఖర్, ఆ గది ఎవరికి?”

“పెద్దవాళ్ళకండి. ప్రశాంతంగా ఉంటుందని.”

“ఉంది. శ్మశానంలో కూడా అంతే ప్రశాంతంగా ఉంటుంది” అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. తరువాత నా వైపు తిరిగారు. “ఇప్పుడు నీ వాళ్ళను చూపించు.”

ట్యాబు తెరిచి బల్ల మీద పెట్టాను. మొదటి తరం నుంచి చూపించాను. పడవ మునిగితే ఈదుకుంటూ వచ్చిన మొదటి గున్నయ్య. ఊళ్ళో తొలిసారి బడి పెట్టించిన మూడో తరం నీలాలు. ఆ తరంలోనే నేను గీసిన పిచ్చి ఇల్లు, అందులో విడిపోయిన అన్నదమ్ములు, వాళ్ళను మళ్ళీ కలపడానికి పట్టిన పదహారేళ్ళు. చివరికి అచ్చియ్యమ్మ. సభ్యుల్లో ఒకావిడ ఆ నలభయ్యొక్క సార్ల లెక్కను రెండుసార్లు చదివింది. ఎవరూ ఆట అన్న మాట వాడలేదు. మీ వాళ్ళు అన్నారు. నేను తల ఎత్తుకునే సమాధానాలు చెప్పాను.

“తలుపులు లోపలికి తిప్పితే, నడిమధ్యన ఉన్న తొట్లను ఏం చేస్తావ్?” జగ్గారావు గారు ఇంజినీరును అడిగారు. “తెప్ప ఒరగదూ?”

ఇంజినీరు గారు తన పటం మీదికి వంగారు. ఆ ప్రశ్నకు సమాధానం నా దగ్గర ఉంది. పదేళ్ళుగా తెప్పల మీద అలాంటి తొట్లను నింపుతున్నది నేను.

“మద్దినున్న పెద్ద తొట్ల బదులు నాలుగు సిన్నవి, నాలుగు మూలలా ఎట్టండి. గొట్టాలు అంచు ఎంబడి వొత్తాయి. కుళాయిలు సముద్రం కాసి ఎల్లిపోతాయి. మద్దిన జాగా మనుసులకి ఒగ్గీయండి. నాలుగూ సమానంగా నిండేలా సూసుకోడం నా పని.”

ఇంజినీరు గారు జేబులోంచి పెన్సిలు తీశారు. తరువాత కాగితం తిరగేసి లెక్క మొదలుపెట్టారు. సభ అక్కడితో ముగిసింది.

రోజు 231

లీటర్లు 4,270.

లెక్క కుదిరింది. తొట్లు మూలలకు వెళితే తెప్ప ఇదివరకటికన్నా నిలకడగా ఉంటుందట. మండలి ఒప్పుకుంది. గోడలు అతకడం పది రోజులు వాయిదా.

కొత్త ఇల్లు ఇద్దరం కలిసి గీశాం. తలుపులు లోపలికి, ఎదురెదురుగా. తలుపు పక్కన కూర్చోవడానికి బల్ల. పెద్దవాళ్ళ పక్క ముందు గదిలో, తలుపు కనిపించేలా. కుళాయికి వేరే దారి. బల్ల ఎత్తు ఎంత ఉండాలని ఆయన అడిగితే అచ్చియ్యమ్మ మోకాలి ఎత్తు చెప్పాను.

పటం కింద నమూనా పేరు రాయాలి. ప్రతి నమూనాకూ ఒక అంకె ఉంటుంది. ఆయన అంకె రాయలేదు. ‘బలగ ఇల్లు’ అని రాసి సంతకం పెట్టారు. ఎనిమిదో తెప్పకు, తొమ్మిదో తెప్పకు కూడా ఇదే పటం వెళుతుందట.

ఆ కాగితం నకలు అడిగి తీసుకున్నాను. బెర్తు పక్కన అంటించాను. ఎర్నమ్మ దాన్ని చూసి, తుడిచిన చేత్తో ఒకసారి నిమిరి వెళ్ళింది.

రోజు 246

లీటర్లు 4,310. కొత్త తొట్లలో మొదటిది బిగించాం.

గున్నయ్యను కొత్త పటం ప్రకారం గీసిన ఇంట్లోకి మార్చాను. చుట్టూ మరో ఆరు ఇళ్ళు గీసి పొట్నూరు అన్నదమ్ములను, సుభద్రమ్మను కూడా అక్కడికే తెచ్చాను. పద్నాలుగు నెలలు గడిచాయి. అన్నీ బాగుపడ్డాయని రాస్తే అబద్ధం అవుతుంది. పోలమ్మ నాలుగో నెలలో తిరిగి వచ్చింది, గున్నయ్య పిలిచినందుకు కాదు, చిట్టెమ్మ సతాయించినందుకు. మొగుడూ పెళ్ళాలు ఇంకా ఒకే పూట అన్నం తినడం లేదు. కాని నిన్న పోలమ్మ తలుపు పక్క బల్ల మీద కూర్చుని సుభద్రమ్మతో చాలాసేపు మాట్లాడింది. లేచి లోపలికి వెళుతూ గున్నయ్య వల కింద పడి ఉంటే తీసి కొక్కేనికి తగిలించింది.

పగలల్లా ఆ బల్ల చిట్టెమ్మది. దారిన పోయే ప్రతివాళ్ళనూ ఆపి ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అని అడుగుతోంది. పొట్నూరు పెద్దాయన ఆ పిల్ల ప్రశ్నలకు జడిసి చుట్టు తిరిగి వెళుతున్నాడు. ఎనిమిదో తరానికి ఢోకా లేదు.

రోజు 302

లీటర్లు 11,600. నాలుగు తొట్లూ సమానం.

నిన్న, ఈ రోజు పడవలు వచ్చాయి. అరవై నాలుగు కుటుంబాలూ దిగాయి. ఎర్నమ్మ పెద్దప్ప దిగగానే చెల్లెల్ని గుర్తుపట్టక, “ఈ ముసల్దెవరే” అంది. ఎర్నమ్మ ఏడుస్తూనే తిట్టింది.

నా పని కుళాయిలు వస్తున్నాయో లేదో ఇంటింటికీ తిరిగి చూడటం. పదిహేడో ఇంట్లో గరికిన దానయ్యమ్మ అనే పెద్దావిడ, కోడలు లావణ్య, ఇద్దరు పిల్లలు. లావణ్య కుళాయి తిప్పి నీళ్ళు దోసిట్లో పట్టి రుచి చూసి, “ఉప్పు నేదు” అంది. ఆ మాట ఈ రోజు అరవై నాలుగు సార్లు విన్నాను. అరవై నాలుగు సార్లూ బాగుంది.

బయటికి వస్తుంటే దానయ్యమ్మ అప్పటికే తలుపు పక్క బల్ల మీద కూర్చుని ఉంది. ఎవరూ చూపించలేదు. ఎదురింటి ఆవిడను పేరడుగుతోంది. నన్ను చూసి ఆపింది.

“కొత్త ఇల్లని సెప్పినారు. ఇందులో ముందెవురో ఉన్నట్టున్నారే.”

“ఎందుకలా అనుకున్నారమ్మా?”

“బల్ల నా మోకాలికి సరిపోనాది. నీళ్ళకెల్లీవోలు నన్ను తొక్కుకుంటా ఎల్లక్కర్నేదు. ఇలగ కట్టాలంటే ఎవురో ముసల్ది ఉండి సెప్పాల. మొగోలకి తట్టదు.”

“ఉండీది. బలగ అచ్చియ్యమ్మ అని.”

“ఇప్పుడు నేదా?”

“నేదు.”

దానయ్యమ్మ చేత్తో బల్ల మీద దుమ్ము లేకపోయినా తుడిచింది. “నీకేటవుద్ది?”

పానాల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను. ఉన్న మాటే చెప్పాను.

“మా ఇంటి మనిసి.”

“మంచి మనిసేనా?”

ఇంకా నలభై ఏడు ఇళ్ళు చూడాల్సి ఉంది. దానయ్యమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. నేను పానాల సంచి కింద పెట్టి కూర్చుని, పడవ మునిగితే ఈదుకుంటూ వచ్చిన మొదటి గున్నయ్య దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాను.